ఓడపేట మీదుగా విమానం

శవం జీడిపొట్టు కుప్ప పక్కన బోర్లా పడి ఉంది.

2005 నవంబరు 17, గురువారం. సాయంత్రం 5:50. పలాస శివార్లలో ఒక జీడిపప్పు బట్టీ. చచ్చినవాడు దాని యజమాని ఢిల్లీబాబు. వయసు ఇరవై తొమ్మిది. సొంతూరు ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న ఓడపేట. ఏడేళ్ల కిందటి వరకు అక్కడే ఉత్తరాలు పంచేవాడు. తర్వాత పలాస చేరి బట్టీ పెట్టి నాలుగు రాళ్లు వెనకేశాడు.

తల వెనక ఒకటే దెబ్బ. కొట్టిన వస్తువు పక్కనే ఉంది. గింజలు కాల్చేటప్పుడు కలిపే ఇనుప కడ్డీ. ఎప్పుడూ జీడినూనె తొట్టిలో పడి ఉండే కడ్డీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా, జిగటగా ఉంది.

"వేలిముద్రలు?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సోమేశ్వరరావు.

"ఆ నూనెలో ఏం నిలుస్తాయి సార్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గోవింద్.

వాచ్‌మన్ బైరాగి తలుపు దగ్గర నిలబడ్డాడు. సోమేశ్వరరావు వాడి వైపు తిరిగాడు.

"ఎన్నింటికి చూశావు?"

"అయిదున్నరకి బాబూ. టీకెల్లి వచ్చినాను."

"ఎన్నింటికి వెళ్లావు?"

"నాలుగూ నలభైకి. కూలోలు నాలుగున్నరకే ఎలిపోనారు."

"నువ్వు వెళ్లేటప్పుడు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు బాబూ. డబ్బాలు సూసుకుంతన్నాడు."

"ఈ రోజు గొడవేమైనా జరిగిందా?"



"నాలుగుంపావుకి మావూరి బంగారయ్య వచ్చినాడు. సేపలు పడతాడు. ఆడి పెళ్లాం జోగమ్మ ఇక్కడే గింజలు కొట్టీది. జీడినూనెకి సేతులు పుండైపోనాయి. ఇంక పనికి రావొద్దనీసినాడు మా బాబు. నిన్ను సంపకపోతే నాను మనిసిని కాదని బంగారయ్య కేకలేసి ఎలిపోనాడు."

బంగారయ్య అన్న పేరు చెవిన పడగానే సోమేశ్వరరావు ఎడమ మోకాలు చురుక్కుమంది.

ఆరేళ్ల కిందట, 1999లో, వలల తగాదా జరుగుతుంటే పోలీసులు ఓడపేట వెళ్లారు. అప్పుడాయన ఎస్సై. తోపులాటలో ఎవడో వెనక నుంచి తెడ్డుతో కొట్టాడు. మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. కొట్టింది బంగారయ్య అని ఆయనకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. కోర్టులో మాత్రం ఒక్కడు నోరు విప్పలేదు. కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టు మెట్లు కుంటుకుంటూ దిగుతూ ఆయన ఒకటే అనుకున్నాడు. వీడు ఎప్పుడో ఒకప్పుడు నా చేతికి చిక్కుతాడు.

చిక్కాడు. ఆరేళ్లలో మొదటిసారిగా సోమేశ్వరరావుకు ఒళ్లంతా తేలికైంది. ఎదురుగా శవం ఉందన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తులేదు. సిగ్గుపడవలసిన మాటే, కానీ నిజం.

"బంగారయ్యని పట్టుకురండి. సముద్రంలో దాక్కున్నా సరే."

శుక్రవారం పొద్దున పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. చావు నాలుగున్నరకూ అయిదుంపావుకూ మధ్య. బంగారయ్య ఊళ్లో లేడు. పారిపోయాడంటే ఇంకేం కావాలి? సోమేశ్వరరావు లెక్కలో కేసు అయిపోయింది. మిగిలినవి కాగితాలు.

ఆ కాగితాల కోసమే ఉదయం 11 గంటలకు కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్ మేడ ఎక్కాడు. గురువారం 3:20కి ఢిల్లీబాబు ఫోన్‌కు వచ్చిన చివరి కాల్ అక్కడి నుంచే.

సెంటర్ నడిపేవాడు జగదీష్. ఇరవై ఏడేళ్లు ఉంటాయి. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. వాడిదీ ఓడపేటే.

"ఢిల్లీబాబుకి ఫోన్ ఎందుకు చేశావు?"

"పప్పు డబ్బాల మీద అంటించే లేబుళ్లు నాకిచ్చాడు సార్. డిజైన్ అయిందని చెప్పాను. రేపు తెస్తానన్నాను."

"తర్వాత ఎక్కడున్నావు?"

"ఇక్కడే. మూడున్నరకి పిల్లల క్లాసు అయిపోయింది. నాలుగూ అయిదు నుంచి అయిదూ నలభై అయిదు దాకా ఫ్లైట్‌లో ఉన్నాను."

"ఎందులో?"

జగదీష్ నవ్వి కంప్యూటర్ చూపించాడు. తెర మీద విమానం ముందుభాగం. మీటర్లు, వాటి ముళ్లు, అద్దం అవతల ఆకాశం.

"విమానాల ఆటా?"

"ఆట కాదు సార్. సిమ్యులేటర్." వాడి మొహం విప్పారింది. "ముందు దారి రాసి కంట్రోల్‌కి ఇవ్వాలి. దారిలో గుర్తులుంటాయి. వేపాయింట్లంటాం. విశాఖ, శ్రీకాకుళం, బరంపురం, భువనేశ్వర్. ఆటోపైలట్ పెడితే విమానం ఒక్కో వేపాయింట్ మీదుగా తనే పోతుంది. కంట్రోల్ మాట్లాడినప్పుడు మాత్రం మనం జవాబివ్వాలి. నిమిషంలో ఇవ్వకపోతే ప్లాన్ రద్దు చేసేస్తుంది. కుర్చీ వదిలితే కుదరదు."

"కంట్రోల్ అంటే ఎవరు? మనుషులా?"

"లేదు సార్. అదీ ప్రోగ్రామే. గొంతు మాత్రం మనిషిది, రికార్డు చేసినది."

సోమేశ్వరరావు తెర మీది మ్యాపు చూశాడు. శ్రీకాకుళం నుంచి బరంపురానికి వెళ్లే గీత తిన్నగా లేదు. మధ్యలో సముద్రం వైపు వంగి, ఒక చుక్కను తాకి, మళ్లీ వెనక్కి వచ్చింది. చుక్క పక్కన ఇంగ్లీషులో ఓడపేట అని రాసి ఉంది.

"ఇదేంటి?"

"మా ఊరు సార్. ఏ మ్యాపులోనూ ఉండదు. అక్షాంశం, రేఖాంశం కొట్టి నేనే పెట్టుకున్నాను. రోజూ ఊరి మీదుగా వెళ్తాను."

"కంట్రోల్ ఊరుకుంటుందా?"

"వాళ్లకిచ్చిన దారిలో మా ఊరు ఉండదు కదా. అటు తిరగ్గానే దారి తప్పావని తిడుతుంది. ఊరి మీదుగా వెళ్తానని ఒక మీట నొక్కి చెప్తే ఒప్పుకుంటుంది."

"ఇంత పిచ్చి ఉన్నవాడివి నిజం విమానం ఎక్కకపోయావా?"

వాడి నవ్వు ఆరిపోయింది. "ఎయిర్‌ఫోర్స్ పరీక్ష రాశాను సార్. తొంభై ఎనిమిదిలో. ఇంటర్వ్యూ కార్డు రాలేదు."

గురువారం నాటి ఫ్లైట్ కాగితం ప్రింట్ తీసి ఇచ్చాడు. బయలుదేరింది 4:05. దిగింది 5:45. కాగితం అందుకుంటుంటే వాడి కుడిచేతి వేళ్లు నల్లగా కనబడ్డాయి.

"కార్ట్రిడ్జ్ ఇంకు సార్. ఇంట్లోనే నింపుతాం."

సోమేశ్వరరావు రెండోసారి చూడలేదు. పలాసలో సగం మందికి వేళ్లు నల్లగానే ఉంటాయి. ఎవరి వేళ్లు ఎందుకు నల్లబడ్డాయో ఎవరూ అడగరు.

శనివారం రాత్రి ఏడింటికి బంగారయ్య దొరికాడు. ఇచ్ఛాపురంలో బావమరిది ఇంట్లో.

"ఎందుకు పారిపోయావు?"

"ఢిల్లీబాబు సచ్చిపోనాడని తెలిసింది. పోలీసు తమరని తెలిసింది. ఇంకేటి సేత్తాను?"

"చంపుతానని అన్నావా లేదా?"

"అన్నాను. సంపనేదు."

"మరి ఎవరు చంపారు?"

"నాకేటి తెలుసు బాబూ?"

వాడు చేతులు జోడించాడు. తాళ్లు లాగి లాగి కాయలు కాచిన చేతులు. సోమేశ్వరరావు ఆ చేతుల్ని చూశాడు. లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నదేమిటో వెతకాలని ఆయనకు అనిపించలేదు. వాణ్ని లాకప్‌లో వేయించి, ఆరేళ్ల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

చట్టం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అంటే ఆదివారం సాయంత్రం ఏడు లోపల.

ఆదివారం ఉదయం 9:40కి స్టేషన్‌కి వచ్చేసరికి గుమ్మంలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చేతులకు గుడ్డ పీలికలు. జోగమ్మ.

"ఏం కావాలి?"

ఆమె లేవలేదు. గుడ్డలు విప్పింది. అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. కింద ఎర్రటి మాంసం.

"ఆముదం రాసుకుని, బూడిద పూసుకుని గింజలు కొట్టినా ఇలగయిపోనాయి బాబూ. ఏటీ రాసుకోకుండా ఆ కడ్డీ పట్టుకున్నోడి సేతులు ఎలగుంతాయి? రొండ్రోజులకి బొబ్బలెక్కిపోవా? మా ఆడి సేతులు సూసినావా నువ్వు?"

సోమేశ్వరరావు లాకప్ వైపు చూశాడు.

"సూసినావు," అంది జోగమ్మ. "సూసి ఊరుకున్నావు. నీ మోకాలి కోసం మా ఆణ్ని ఉరికి పెడతన్నావు."

గోవింద్ ఆమెను అదిలించబోయాడు. సోమేశ్వరరావు వద్దని చెయ్యి ఊపాడు. లోపలికి వెళ్లి లాకప్ ముందు నిలబడ్డాడు.

"చేతులు చాపు."

బంగారయ్య చాపాడు. బొబ్బ లేదు. నలుపు లేదు. జీడినూనె అంటిన చెయ్యి మూడు రోజులకు అలా ఉండదు. పలాసలో అది చంటిపిల్లలకు కూడా తెలుసు. తనకూ తెలుసు. రాత్రి గుచ్చుకున్నది ఇదే. వీడు కాదని తన కళ్లు రాత్రే చెప్పాయి, కక్ష వాటి నోరు నొక్కేసింది. సోమేశ్వరరావుకు తన మీద తనకే ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ మండింది ఇంకొకందుకు. వాణ్ని వదలాలి.

మరి నల్లటి వేళ్లు ఎవరివి?

ఉదయం 10:30కి కాశీబుగ్గలో ఉన్నాడు. ఈసారి మేడ ఎక్కలేదు. సరిగ్గా ఆ కంప్యూటర్ గది కింద కాంతం అనే ఆవిడ జాకెట్లు కుడుతుంది. మెషీన్ ఆపి లేచి నిలబడింది.

"గురువారం సాయంత్రం జగదీష్ పైనే ఉన్నాడా?"

"ఉన్నాడు బాబూ. ఆ ఇమానం గోల ఇనబడతానే ఉంది."

"మెట్లు దిగడం చూశావా?"

"నేదు. ఎనకాల ఇనప మెట్లు కూడా ఉన్నాయి, అటు నాకు కనబడదు. అయినా ఎవుడో సావాసగాడు వచ్చినట్టున్నాడు, ఇద్దరూ మాటాడుకుంతన్నారు."

సోమేశ్వరరావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇద్దరా?"

"రోజూ ఒక గొంతే ఇంగిలీసులో మాటాడతాది. జగదీష్ బాబు టకటకా మీటలు నొక్కుతాడు. ఆ రోజు మీటల సప్పుడు నేదు. ఆ గొంతు ఒకటంతే ఇంకో గొంతు ఒకటంతాది."

"ఏం మాట్లాడుకున్నారు?"

"నాకేటి తెలుస్తాది? ఒకటే మాట. సెప్పిందే సెప్పడం. ఆ మాట రోజూ ఒకసారి ఇంతాను. ఆ రోజు పన్నెండుసార్లు ఇన్నాను."

"లెక్కపెట్టావా?"

"లెక్కెట్టలేదు. రొండు జాకెట్లకి హుక్కులు కుడతన్నాను, పన్నెండు హుక్కులు. హుక్కు కుట్టినప్పుడల్లా ఇదే గోల. తల దిమ్మెక్కిపోనాది."

"ఎన్ని గంటలకు?"

"నాలుగున్నర దాటినాక మొదలెట్టినాను. హుక్కులైపోయి లేసేతలికి అయిదు దాటింది."

సోమేశ్వరరావు లేచాడు. మోకాలి నొప్పి అప్పుడు ఆయనకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం 3:25. కంప్యూటర్ గదిలో ఆరుగురు ఉన్నారు. కాంతం ఒక మూల. జోగమ్మ గోడకు ఆనుకుని. ఆమె పక్కన బేడీలతో బంగారయ్య. తలుపు దగ్గర గోవింద్. తెర ముందు జగదీష్. వాడి వెనక కుర్చీలో సోమేశ్వరరావు.

"గురువారం వెళ్లిన దారినే మళ్లీ వెళ్లు," అన్నాడాయన. "విమానం ఎగరడం వీళ్లు చూడలేదట."

జగదీష్ అందరి మొహాలూ చూశాడు. మౌస్ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడిచేతికి కట్టు ఉంది.

"ఏమైంది?"

"ప్రింటర్ తగిలి కాలింది సార్."

"అలాగా. కానీ."

3:32కి విమానం విశాఖలో లేచింది. వాడు ఆటోపైలట్ పెట్టాడు. సోమేశ్వరరావు ముందుకు వంగి తెర మీద వేలు పెట్టాడు.

"ఈ మెనూలో కో-పైలట్ అని ఉంది. అది నొక్కు."

"అది... దాన్ని వాడను సార్."

"ఇప్పుడు వాడు."

నొక్కాడు.

"ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకో. దేన్నీ ముట్టుకోవద్దు."

కంట్రోల్ గొంతు ఏదో అడిగింది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. ఇంకో మగ గొంతు ఠంచనుగా జవాబు చెప్పింది. కాంతం ఉలిక్కిపడింది.

"ఈడే బాబూ! ఆ రోజు రొండో గొంతు ఈడిదే!"

"మాట్లాడకు. ఇంకా ఉంది."

ఇరవై ఏడు నిమిషాలు ఎవరూ కదల్లేదు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. జగదీష్ మెడ మీద చెమట కారుతోంది. 3:59కి విమానం శ్రీకాకుళం దాటింది. కుడివైపు, సముద్రం వైపు మళ్లింది.

కంట్రోల్ గొంతు కరుగ్గా పలికింది. దారి తప్పారు, ఎడమకు తిరగండి అని ఇంగ్లీషులో. కో-పైలట్ అలాగే తిరుగుతున్నానన్నాడు. విమానం తిరగలేదు. అది జగదీష్ పెట్టిన వేపాయింట్ వైపే పోతోంది. కాసేపటికి గొంతు మళ్లీ అదే మాట అంది. కో-పైలట్ మళ్లీ సరేనన్నాడు. విమానం మళ్లీ తిరగలేదు.

నాలుగోసారికి కాంతం చెవులు మూసుకుంది.

"ఇదే బాబూ. ఇదే మాట."

సోమేశ్వరరావు లేచి జగదీష్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కుర్చీ వదిలితే కుదరదన్నావు. కుదురుతుంది. కో-పైలట్ నోటితో సరేనంటాడు, అందుకని ప్లాన్ రద్దు కాదు. కానీ స్టీరింగ్ వాడి చేతిలో లేదు. నువ్వు ఇక్కడుంటే ఒక్క మీట నొక్కేవాడివి, గొంతు ఊరుకునేది. రోజూ అలాగే ఊరుకుంది. లేచిన ఇరవై ఏడు నిమిషాలకు, అంటే గురువారం నాలుగూ ముప్పై రెండు నుంచి, అరగంటకు పైగా అది అరుస్తూనే ఉంది. అంటే ఆ అరగంటా ఈ కుర్చీలో మనిషి లేడు."

జగదీష్ తెర వైపే చూస్తున్నాడు.

"అన్నీ ఆలోచించావు. వెనక మెట్లు. కూలీలు వెళ్లే టైము. ఒక్కటే మరిచిపోయావు. మీ ఊరిని దారిలోంచి తీసేయడం. అది తీసేసి ఉంటే విమానం తిన్నగా పోయేది. కంట్రోల్ నోరెత్తేది కాదు."

"తీయాలని తోచలేదు," అన్నాడు జగదీష్ మెల్లగా. "నేనెప్పుడూ మా ఊరు లేకుండా ఎగరలేదు."

"కట్టు విప్పు."

విప్పాడు. అరచెయ్యంతా బొబ్బలు. వేళ్ల కొసల్లో నల్లటి చర్మం పొరలుగా ఊడుతోంది. జోగమ్మ లేచి వచ్చి చూసింది. తన చేతులు వాడి చేతి పక్కన పెట్టింది. 

"నూనె కడ్డీ పట్టుకుంటే చర్మం పోతుందని నీకు తెలీదా?"

"తెలుసు సార్. మేకులు కొట్టే సుత్తి జేబులో పెట్టుకెళ్లాను. వాడు నవ్వేసరికి సుత్తి గుర్తు రాలేదు. ఏది చేతికందితే అది తీశాను."

"ఎందుకు నవ్వాడు?"

వాడు ఎడమ చేత్తో సొరుగు లాగి ఒక కవరు తీశాడు. పాతబడి గోధుమరంగులోకి తిరిగిన కవరు. మీద జగదీష్ పేరు, ఓడపేట చిరునామా. 1998 నాటి ముద్ర. లోపల ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూ కార్డు.

"పోయిన వారం ఊరెళ్తే ఢిల్లీబాబు వాళ్లమ్మ అటక మీది సంచీ ఇచ్చింది. పనికొచ్చేవి ఏవో చూసిపెట్టమంది. అందులో ఉంది సార్ ఇది. వాడూ నాతోనే పరీక్ష రాశాడు, తప్పాడు. ఊళ్లో ఉత్తరాలు పంచేది వాడే, నాది వస్తే దాచేశాడు. ఏడేళ్లు సార్! ఏడేళ్లు నేను పనికిరాననే అనుకున్నాను. ఎందుకు చేశావని అడిగాను. ఏరా, అదింకా గుర్తుందేటని నవ్వాడు. తప్పయిందంటే వచ్చేసేవాణ్ని."

"అబద్ధం," అన్నాడు సోమేశ్వరరావు. "వచ్చేసేవాడివైతే కో-పైలట్‌ని పెట్టి వెళ్లవు."

జగదీష్ ఒప్పుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

తెర మీద విమానం ఓడపేట చేరింది. కింద నీలం, ఆకుపచ్చ. ఇల్లు లేదు, మనిషి లేడు. గొంతు ఇంకా దారి తప్పారనే చెబుతోంది. సోమేశ్వరరావు ప్లగ్గు పీకేశాడు.

బేడీలు బంగారయ్య చేతులకు తీసి జగదీష్‌కు వేశారు. అప్పుడు 4:25. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి వాణ్ని తీసుకెళ్లారు. కాంతం దిగిపోయింది.

బంగారయ్య మణికట్లు రుద్దుకుంటూ నిలబడ్డాడు. వెళ్లలేదు.

"ఇంకేం?"

"తెడ్డు దెబ్బ నాదే బాబూ."

 జోగమ్మ వాడి చెయ్యి పట్టి లాగింది. వాడు విదిలించుకున్నాడు.

"ఆ రోజు మా అయ్యని వల మీంచి ఈడ్చుకెల్లి తన్నినావు నువ్వు. మంచం ఎక్కినాడు, ఆ ఏడే పోనాడు. కోర్టుల సెప్పనేదు. ఇప్పుడు సెప్తన్నాను. కొట్టింది నానే. నువ్వు నన్ను ఒగ్గీసినావని మా అయ్య సావు నాను మరిసిపోను."

గోవింద్ కళ్లు మెరిశాయి. జేబులోంచి పుస్తకం, పెన్ను తీశాడు. ఆరేళ్లుగా సీఐ గారు ఏ మాట కోసం కాచుకుని కూర్చున్నారో ఆ మాట ఇదేనని స్టేషన్‌లో అందరికీ తెలుసు.

సోమేశ్వరరావు ఆ తోపులాటను గుర్తు తెచ్చుకోడానికి చూశాడు. ఇసుక, అరుపులు, వలలు. ఒక ముసలాడు వల వదలనని మొండికేశాడు. ఉన్నాడు. తను ఈడ్చాడు. ఆ తర్వాత తెడ్డు, ఆ తర్వాత తన మోకాలు. ఇన్నేళ్లూ ఆయన కథ మోకాలి దగ్గరే మొదలైంది.

"మీ అయ్య పేరేంటి?"

"కామయ్య."

ఆయన ఆ పేరు వినడం అదే మొదటిసారి.

"రాయమంటారా సార్?" అన్నాడు గోవింద్.

"వద్దు. పుస్తకం మూసెయ్."

సోమేశ్వరరావు గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. పద్దెనిమిది మెట్లు. వెనక బంగారయ్య, జోగమ్మ ఆయన దిగేదాకా ఆగి, తర్వాత దిగారు.